ఎర్రచందనం పెళ్ళికూతురికి పట్టు జడ: ఒక చిన్న విగ్గు తయారీ కథ

తిరుపతిలో ఉంటూ బొమ్మలకు విగ్గులు చేస్తానని చెబితే వినేవారు మొదట అనే మాట ఒక్కటే: "మీకేమమ్మా, కొండమీద వెంట్రుకలకు కొదవా?" కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. అవి పెద్ద వ్యాపారులకు చేరేవే గాని, కొర్లగుంటలో వంటింటి పక్క గదిలో కూర్చుని పనిచేసుకునే నాబోటివారికి అందేవి కావు. అందినా నాకు పనికిరావు. మనిషి వెంట్రుక బొమ్మ తలమీద ఎందుకు ఇమడదో చాలా కాలంగా నోటితో చెబుతూ వచ్చాను. ఈ పనిలో మాత్రం దాన్ని చేసి చూపించవలసి వచ్చింది, ఆ క్రమంలో నా లెక్క కూడా కొంత మారింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వచ్చిన పని

ఆషాఢం చివర్లో మదనపల్లె నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు పాత చీర ముక్కలో చుట్టిన ఎర్రచందనం బొమ్మల జంటను తీసుకొచ్చారు. తమిళం కలిసిన ఇళ్ళలో మరపాచి అంటారే, ఆ రకం. మా వైపు చాలామంది తిరుపతి బొమ్మలనే అంటారు. వాటిని దసరా కొలువులో ప్రతి ఏడూ పై మెట్టుమీద పెడతారట. ఈసారి పెళ్ళికూతురికి చీర కట్టి, పూలజడ వేసి నిలబెట్టాలన్నది ఆమె కోరిక. సంచిలోంచి చివరగా ఒక కాగితం పొట్లం తీశారు. అందులో మూరెడు సవరం, అంటే జడలో కలిపి అల్లుకునే వెంట్రుకల కట్ట, ఉంది.

"మా అమ్మది మ్మా ఇది. బొమ్మకు దీంతోనే చెయ్యాల," అన్నారు.

షరతులు రెండు పెట్టారు. విగ్గు బొమ్మకు అంటుకోకూడదు, కొలువు ముగిశాక తీసి దాచుకునేలా ఉండాలి. రెండోది, బొమ్మ చెక్కకు మరక పడకూడదు. రెండూ న్యాయమైనవే. ఎర్రచందనం శేషాచలం కొండల్లోనూ చుట్టుపక్కల అడవుల్లోనూ సహజంగా పెరిగే చెట్టు. దాని నరికివేతకు, రవాణాకు ఇప్పుడు ఎంత కట్టడి ఉందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో తరాలుగా ఉన్న అలాంటి బొమ్మకు దెబ్బ తగిలితే మరొకటి తెచ్చి ఇస్తానని చెప్పగలిగే పరిస్థితి లేదు.

అయినా మొదటి రోజే పొరపాటు చేశాను. తలమీద పేరుకున్న నూనె, పసుపు జిడ్డు తుడవడానికి ప్లాస్టిక్ బొమ్మలకు చేసే అలవాటులో దూది స్పిరిట్‌లో ముంచి మెడ వెనుక రుద్దాను. దూది ఒక్కసారిగా ఎర్రబడింది. నెత్తురేమో అనిపించేంత ఎరుపు. ఎర్రచందనంలోని రంగు పదార్థం శాంటాలిన్. అది చల్లని నీటికి కదలదు, స్పిరిట్‌కు మాత్రం ఇట్టే కరిగి వస్తుంది. పుస్తకంలో చదివిన విషయమే, చేతికి మాత్రం గుర్తు రాలేదు. అదృష్టవశాత్తూ అది చెక్కిన కొప్పు కింద కనబడని చోటు. ఆ తరువాత తల మొత్తాన్ని తడిపి పిండిన నూలు గుడ్డతోనే తుడిచాను. ఆ ఎర్రటి దూదిని మాత్రం పారేయకుండా చిన్న సీసాలో వేసి మూత పెట్టాను; దాని సంగతి తరువాత వస్తుంది.

కొలతలు, వెంట్రుక మందం

బొమ్మ ఎత్తు 28 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 13.5 సెంటీమీటర్లు. ఈ బొమ్మలకు ఒంటికి మించిన తల చెక్కుతారు కాబట్టి విగ్గు పనిలో ఎత్తును కాక తలనే లెక్కలోకి తీసుకోవాలి. పెద్దవారి తల చుట్టుకొలత సుమారు 55 సెంటీమీటర్లు అనుకుంటే, ఈ తల అందులో నాలుగో వంతు. ఇక్కడినుంచి నా నిర్ణయాలన్నీ ఈ నాలుగో వంతు చుట్టూనే తిరిగాయి.

మన దేశంలో మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పద్నాలుగో వంతు. దాన్ని నాలుగో వంతు తలమీద పెడితే, మన తలమీద 280 మైక్రాన్ల పోగు పెట్టుకున్నట్లు అవుతుంది. అది చేపల గాలానికి కట్టే తంగూసు మందం. తంగూసును తలనిండా నాటుకుని జడ వేసుకోబోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు, మిగతాది చెప్పనవసరం లేదు.

అసలు చిక్కు మందంలోకన్నా వంపులో ఉంది. పోగు మందం రెట్టింపైతే దాని బరువు నాలుగు రెట్లు పెరుగుతుంది, వంగనని మొండికేసే గుణం మాత్రం పదహారు రెట్లు పెరుగుతుంది. మన తలమీద మూరెడు వెంట్రుక తన బరువుకు తానే కిందికి వాలుతుంది. అదే వెంట్రుకను మూడు అంగుళాలకు కత్తిరిస్తే వాలడానికి బరువు చాలదు, నిక్కి నిలబడుతుంది. క్షవరం చేసిన పది రోజులకు మగవాళ్ళ తల ఎలా ఉంటుందో బొమ్మ తల అలా ఉంటుంది. కాబట్టి బొమ్మ విగ్గుకు కావలసింది సన్నని పోగు, అది కూడా తెగకుండా పొడవుగా ఉండే పోగు.

బజారులో దొరికేవాటిని ఈ లెక్కతో చూస్తే ఎంపిక తేలికవుతుంది. స్వెటర్లు అల్లే అక్రిలిక్ ఊలు పోగులు సాధారణంగా 20 మైక్రాన్ల అటూ ఇటూ ఉంటాయి; మందం సరిపోతుంది, ధర తక్కువ, మరిగే నీళ్ళలో ముంచి ఉంగరాలు తిప్పవచ్చు. పొట్టి జుట్టు బొమ్మలకు నేను వాడేది అదే. కాని ఆ ఊలు చిన్న చిన్న పోగులను మెలిపెట్టి వడికినది కాబట్టి పురి విప్పి దువ్వితే సగం దువ్వెనకే వచ్చేస్తుంది, మిగిలినది జడకు చాలినంత పొడవు ఉండదు. గాజులకు చుట్టే సిల్క్ దారం మెరుపు బాగుంటుంది గాని దానిలో చాలావరకు పట్టు కాదు. ఒక పోగును అగ్గిపుల్లకు చూపితే తెలిసిపోతుంది: అసలు పట్టు వెంట్రుక కాలిన వాసనతో కాలి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుస్తుంది, రేయాన్ కాగితంలా కాలుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి గుండులా మారుతుంది. మల్బరీ పట్టు ఒంటిపోగు మందం 10 నుంచి 13 మైక్రాన్లు. నాలుగుతో గుణిస్తే 40 నుంచి 52. సన్నని, మెత్తని జుట్టున్న పెళ్ళికూతురి వెంట్రుక సరిగ్గా ఆ మందమే ఉంటుంది. పైగా పట్టుపురుగు ఆ పోగును తెగకుండా వందల మీటర్ల పొడవున తీస్తుంది.

సవరంతో చేసి చూపించిన ప్రయత్నం

ఇదంతా ఆమెకు ఫోనులో చెప్పాను. "లెక్క నాకూ వచ్చులే, చేసి చూపించు," అన్నారు. పాఠం చెప్పిన మనిషికి పాఠం చెప్పబోవడం నాదే తప్పు.

సవరాన్ని ముందు కుంకుడు రసంలో నానబెట్టి, కదపకుండా కడిగాను. కదపకుండా అని ఎందుకంటున్నానంటే, పాతకాలపు సవరాలు సాధారణంగా దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలతో కట్టినవి. ఇప్పటికీ మా వీధిలోకి "చిక్కెంటికలకు స్టీలు సామాన్లు" అంటూ వస్తారు, ఆ సరుకే. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, పొలుసుల కొసలు ఎప్పుడూ వెంట్రుక చివరవైపే చూస్తాయి. తల నుంచి కోసిన జుట్టును మొదళ్ళు ఒకవైపు ఉండేలా పట్టి కడితే పొలుసులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. చిక్కు వెంట్రుకల్లో సగం తలకిందులుగా కలిసిపోతాయి, రుద్దితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. దీనికి ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఉంది. ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వేళ్ళను పైకీ కిందికీ రాపిడి చేస్తే, అది మెల్లగా మొదలు ఉన్న వైపుకే జరుగుతుంది. ఈ సవరంలోంచి పది వెంట్రుకలు తీసి పరీక్షిస్తే ఆరు ఇటు జరిగాయి, నాలుగు అటు.

అయినా వాటిలో మంచివి ఏరి, ప్లాస్టిక్ కాగితంమీద పక్కపక్కన పరిచి, మొదట్లో గుడ్డలకు వాడే జిగురు గీత గీసి, ఆరాక ఊడదీసి, పది సెంటీమీటర్ల పట్టీ చేశాను. దాన్ని పాత బొమ్మ తలమీద అతికించి వెనక్కి దువ్వి, తడిపి, గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాను. తెల్లారి గుడ్డ విప్పగానే ముందరి వరుస మెల్లగా పైకి లేచి ఈతచీపురు విప్పినట్లు విచ్చుకుంది. ఆ ఫోటో పంపితే చాలాసేపటికి జవాబు వచ్చింది: "అట్లయితే అమ్మ ఎంటికలు అసల్లేకుండా చేస్తావా?"

నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. నాకు ఆమె సవరాన్ని పక్కన పెట్టేయడం తేలిక, పని కూడా శుభ్రంగా ఉంటుంది. కాని జడ అల్లే విషయం ఆలోచిస్తుంటే సవరం అసలు ఉద్యోగమే గుర్తొచ్చింది. సవరాన్ని ఎవరూ తలమీద కనబడేలా పెట్టుకోరు. పాయల లోపల కలిపి అల్లుతారు, జడకు లావు, పొడవు ఇవ్వడానికి. పట్టుతో ఒక్కదానితోనే అల్లిన బొమ్మ జడకు ఒక జబ్బు ఉంది: మరీ మెత్తన కావడం వల్ల అది తాడులా వంకర తిరిగి ఒంటికి అతుక్కుంటుంది, వీపుమీద నిటారుగా దిగదు. పైకి పనికిరాని ఆ మొండితనమే లోపల వెన్నెముకలా పనికొస్తుంది. జడ లోపల మూడు పాయల్లోనూ ఈ వెంట్రుకలు పెడితే వాటి నిక్కుడు జడను నిలబెడుతుంది, పైన పట్టు వాటిని మూసేస్తుంది. బొమ్మకు కూడా సవరం సవరంగానే ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె "సరే" అని మాత్రం అన్నారు.

పట్టు సిద్ధం చేయడం

పట్టు ఆమె ఊళ్ళోనే దొరికింది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఒక ఇంటినుంచి రంగు వేయని పట్టు దారం చిన్న చిలప (దారపు చుట్ట) ఒకటి తెప్పించమన్నాను. నిలువుగా వేసే పడుగు దారం కాక అడ్డంగా నేసే పేక దారమే కావాలని మరీ మరీ చెప్పాను. పడుగు మగ్గంమీద లాగుడుకు తట్టుకోవాలి కాబట్టి దానికి పురి గట్టిగా ఎక్కిస్తారు. ఆ పురిని ఇంట్లో విప్పడం ఓపిక ఉన్నవారికి కూడా శిక్షే. పేకకు పురి తక్కువ, దువ్వితే పోగులు విడిపోతాయి.

పచ్చి పట్టు గరుకుగా, జీవం లేనట్లు ఉంటుంది. పురుగు పోగులను అంటించడానికి వాడే సెరిసిన్ అనే బంక దానికి కారణం. చిలపను నాలుగు చోట్ల వదులుగా కట్టి, తెల్ల సబ్బు తురిమిన నీళ్ళలో గంటసేపు, తెర్లనీయకుండా, ఆవిరి బాగా లేచే వేడిలో ఉంచాను. బంక పోతే పట్టు బరువు నాలుగో వంతు వరకు తగ్గుతుంది, మెరుపు వస్తుంది, పోగులు వేళ్ళలోంచి జారిపోతాయి. ఆ జారుడు చూస్తే పని అయిందని అర్థం.

రంగుకు పట్టు, ఉన్నికి వేసే యాసిడ్ రంగు వాడాను, వెనిగర్ కలిపి. మొదటి విడతలో నలుపు ఒక్కటే వేశాను. ఆరాక ఎండలో చూస్తే కాకి రెక్కలా నీలి ఛాయ కొట్టింది. మన జుట్టు నలుపులో ఎప్పుడూ కొంత గోధుమ ఉంటుంది. రెండో విడతలో గోధుమరంగు కొద్దిగా కలిపి మళ్ళీ ముంచితే సరిపోయింది. తరువాత నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, తడి పట్టును తెల్ల గుడ్డలో పెట్టి గట్టిగా పిండి, గుడ్డకు మరక అంటలేదని చూసుకున్నాను. బొమ్మమీద రంగు దిగితే నా పేరు మదనపల్లెలో వినబడదు.

టోపీ

నేర్చుకునేవారు అందరూ జుట్టు గురించి అడుగుతారు, ఆ జుట్టును అతికించే అడుగు టోపీ గురించి ఎవరూ అడగరు. నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే విగ్గుల్లో చాలావరకు చెడిపోయేది టోపీ దగ్గరే.

మామూలుగా బొమ్మ తలకు గిన్నెలపై చుట్టే పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసి, పైన ఆడవారి పల్చని నైలాన్ సాక్సు ముక్కను లాగి కట్టి, నీళ్ళు కలిపిన తెల్ల జిగురు ఒక పూత, చిక్కటిది ఒక పూత వేస్తాను. రాత్రంతా ఆరితే చిప్పలా గట్టి టోపీ వస్తుంది. ఈ బొమ్మకూ అలాగే చేశాను. తెల్లారి తీయబోతే రాలేదు. వెనుక చెక్కిన కొప్పు మొదట్లో సన్నగా, పైన లావుగా ఉంది. టోపీ దాని కిందికి దిగి గట్టిపడింది. కాసేపు తంటాలు పడి, ప్లాస్టిక్ కాగితానికీ జిగురుకూ మధ్య కత్తెర కొస దూర్చి కోసి తీశాను. కాగితం కప్పకుండా చేసి ఉంటే ఈ వ్యాసం మరోలా ముగిసేది.

రెండో టోపీలో జిగురు నడినెత్తికీ నుదుటి అంచుకూ మాత్రమే పూశాను. కొప్పు చుట్టూ సాక్సును సాగేలా వదిలి, మెడ నుంచి పైకి మూడు సెంటీమీటర్ల చీలిక పెట్టి, అంచులు దారంతో కుట్టి, ఒక దారపు ఉచ్చు, ఒక చిన్న ఊక్కు అమర్చాను. చీలికమీదికి జడ వస్తుంది కాబట్టి అది బయటికి కనిపించదు. తరువాత టోపీ మొత్తాన్ని జుట్టు రంగులోనే పూసేశాను, పోగుల సందుల్లో తెలుపు కనబడకుండా.

జుట్టంతా వెనక్కి లాగి జడ వేసే విగ్గుకు తలనిండా పట్టీలు అతికించనక్కర్లేదు. అలా చేస్తే తల గుమ్మడికాయలా ఉబ్బుతుంది. నుదుటి నుంచి చెవుల మీదుగా మెడదాకా అంచు వెంట ఒక వరుస, పాపిటకు అటూ ఇటూ చెరొక వరుస చాలు. అంచు వరుసను ముఖంమీదికి పడేలా తలకిందులుగా అతికించి, ఆరాక వెనక్కి మడిచి దువ్వాలి. జిగురు గీత మడత లోపలికి పోతుంది, నుదుటిమీద జుట్టు చర్మంలోంచి మొలిచినట్లే కనిపిస్తుంది.

పాపిటలో కనిపించే తల చర్మం ఈ బొమ్మకు చెక్క రంగులోనే ఉండాలి. ఏ రంగు కలిపినా ఆ ఎరుపు రాలేదు. అప్పుడు సీసాలోని దూది గుర్తొచ్చింది. దానిమీద నాలుగు చుక్కల స్పిరిట్ వేసి, వచ్చిన రంగులో మూడు సెంటీమీటర్ల పట్టు గుడ్డ పేలికను ముంచి ఆరబెట్టాను. బొమ్మ నుదుటి పక్కన పెడితే పేలిక ఎక్కడ మొదలైందో చూపు పట్టలేదు.

జడ

ఒక్కో పాయ లోపల సుమారు మూడు వందల సవరపు వెంట్రుకలు, మొదళ్ళు ఒకవైపు ఉండేలా వేళ్ళతో పరీక్షించి పేర్చినవి. ఈ పనికే రెండు రోజులు పట్టింది. మూడు పాయలకూ కలిపి తూకం గ్రాము కూడా రాలేదు. పట్టు మొత్తం నాలుగు గ్రాముల లోపే. పట్టును కొద్దిగా తడిచేసి, వెంట్రుకల కట్ట చుట్టూ సమంగా పరిచి అల్లితే ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు జడ వచ్చింది. మన లెక్కలో మూడు సెంటీమీటర్లకు పైబడిన వెడల్పు, అరవై సెంటీమీటర్ల పొడవు. తడి ఆరేవరకు అట్టమీద గుండుసూదులతో నిటారుగా బిగించి ఉంచాను. హెయిర్ స్ట్రెయిట్‌నర్ దగ్గరికి కూడా తీసుకురాలేదు. దాని వేడికి పట్టు పసుపెక్కి పెళుసవుతుంది.

నగల సంగతి త్వరగా ముగిస్తాను, అవి నా పని కాదు. పాపిటబిళ్ళ, సూర్యచంద్రులు, జడకుప్పెలు ఆమె మనవరాలు పూసలతో చేసింది. మల్లెమొగ్గలకు బియ్యపు గింజలు వాడదామని ఆ పిల్ల పట్టుబట్టింది. కొలత చక్కగా కుదిరింది గాని ఏడాదికి పురుగు పడుతుందని వద్దన్నాను. తెల్ల దారపు ముడులతో సరిపెట్టాము. చెక్కిన కొప్పు వల్ల వెనుక వచ్చిన ఉబ్బును ఆ పూలదండే కప్పేసింది.

కొలువు తరువాత

కార్తీకంలో వానలు పట్టిన రోజుల్లో విగ్గు తిరిగి వచ్చింది. జడ అల్లిన రోజు ఎలా ఉందో అలాగే నిటారుగా ఉంది. పాపిట పక్కన మాత్రం సన్నని తెల్లటి గీత తేలింది. తెల్ల జిగురుకు గాలిలో తేమ తగిలితే ఎండినది కూడా పాలిపోతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మా ఊరి గాలి ఎలా ఉంటుందో తెలిసి కూడా ఆ రెండు వరుసలకు సులువని ఆ జిగురే వాడాను. వరుసలను ఊడదీసి, ఎండిన జిగురును బ్లేడుతో గీకి, పట్టు దారంతోనే టోపీకి కుట్టాను. మొదట చేయవలసిన పద్ధతీ అదే, ఒక పూట ఎక్కువ పడుతుందంతే.

దాచుకోవడానికి పాత నూలు గుడ్డలో చుట్టి, జడ మడవకుండా పొడవాటి అట్టపెట్టెలో, ఎండ తగలని చోట పెట్టమన్నాను. ఉతకవలసి వస్తే కుంకుడు రసం తప్ప సబ్బు వద్దన్నాను. మిగిలిన సవరాన్ని అదే పొట్లంలో తిరిగి ఇచ్చేశాను. ఆమె పొట్లం చేతిలో తూచి చూసుకుని, "ఏం తగ్గినట్టే లేదే," అన్నారు. తరువాత పెళ్ళికొడుకును బల్లమీద పెట్టి, వచ్చే దసరాకు ఇతనికీ ఏమన్నా చెయ్యమన్నారు. అతని తలమీద చెక్కిన తలపాగా ఉంది. దాన్ని ముట్టుకోనని చెప్పాను.